వీసా గడువు ముగిసిన ప్రయాణికుల దేశీయ విమానయానం

వీసా గడువు ముగిసిన లేక నివాస హోదా తేలని విదేశీయుడు తానున్న దేశంలోనే ఒక నగరం నుండి మరొక నగరానికి విమానంలో వెళ్ళడాన్ని ఈ వ్యాసం వివరిస్తున్నది. దేశీయ విమానయానంలో సరిహద్దు దాటడం ఉండదు. కనుక చాలా దేశాలలో ప్రయాణికుని గుర్తింపును మాత్రమే పరిశీలిస్తారు, వీసాను పరిశీలించరు. అయితే గుర్తింపు పరిశీలన, వలస పరిశీలన ఒకేచోట కలిసే సందర్భాలు కూడా ఉన్నవి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు కూలిపనులకు, ఇంటిపనులకు, అమెరికాకు చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళినవారు ఉన్నందున ఈ విషయం అక్కడి కుటుంబాలకు కూడా సంబంధించినదే.

మౌలిక భావనలు

ఈ విషయంలో మూడు వేర్వేరు పత్రాలను ఒకటిగా భావించడం వలన ఎక్కువ గందరగోళం ఏర్పడుతున్నది.

* వీసా: దేశంలో ప్రవేశించడానికి అనుమతి కోరే పత్రం. సాధారణంగా పాస్‌పోర్టులో అంటించి ఇస్తారు.
* నివాస అనుమతి: ప్రవేశించిన తరువాత ఎంతకాలం, ఏ పనిమీద ఉండవచ్చునో తెలిపేది. అమెరికాలో ఐ-94 నమోదు, సౌదీ అరేబియాలో ఇఖామా, కువైట్‌లో సివిల్ ఐడీ కార్డుతో ముడిపడిన నివాస అనుమతి ఇటువంటివి.
* గుర్తింపు పత్రం: ప్రయాణికుడు ఎవరో తెలిపేది. గడువు ఉన్న పాస్‌పోర్టు వీటిలో అన్నిచోట్లా చెల్లేది.

వీసాపై ముద్రించిన తేదీ దాటినంత మాత్రాన నివాసం అక్రమం కాదు. ఉదాహరణకు అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా ముద్ర గడువు తీరిపోయినా, విద్యార్థి చదువు కొనసాగిస్తూ నిబంధనలు పాటిస్తున్నంత కాలం అతని హోదా చెల్లుతుంది. ఇందుకు విరుద్ధంగా, వీసా ముద్రపై ఇంకా గడువు మిగిలి ఉన్నా విద్యార్థి చదువు మానివేస్తే హోదా కోల్పోతాడు. భారతదేశంలో ఈ తేడా తక్కువ. అక్కడ వీసా గడువే సాధారణంగా నివాస గడువు కూడా.

భారతదేశంలో

భారతదేశంలోని దేశీయ టెర్మినళ్ళలో వలస తనిఖీ కేంద్రాలు ఉండవు. ప్రవేశద్వారం వద్ద కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం వంటి భద్రతా సిబ్బంది టికెట్టును, ఫోటో ఉన్న గుర్తింపు పత్రాన్ని సరిచూస్తారు. ఏ పత్రాలు చెల్లుతాయో పౌర విమానయాన భద్రతా బ్యూరో నిర్ణయిస్తుంది. భారత పౌరులకు పాస్‌పోర్టు, ఆధార్, ఓటరు కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి చెల్లుతాయి. విదేశీయులు పాస్‌పోర్టు చూపవలెను.

విదేశీయుని వీసా గడువు ముగిసినదా లేదా అని ఈ ద్వారం వద్ద సాధారణంగా చూడరు. కాని దానివలన అతని నివాసం సక్రమం కాదు. వలస, విదేశీయుల చట్టం 2025 ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇది 1920 నాటి పాస్‌పోర్టు (భారత ప్రవేశ) చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి వలస (వాహకుల బాధ్యత) చట్టాల స్థానంలో వచ్చినది. దీని ప్రకారం వీసా గడువు దాటి ఉండిపోయినవారికి 3 సంవత్సరాల వరకు జైలు, 3 లక్షల రూపాయల వరకు జరిమానా లేక రెండూ విధించవచ్చును. చెల్లే పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలో ప్రవేశించినవారికి 5 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. నకిలీ పాస్‌పోర్టు లేక వీసా వాడినవారికి శిక్ష 2 నుండి 7 సంవత్సరాలు.

విదేశీయుల ఉనికి ప్రభుత్వానికి తెలిసే మార్గాలు విమానాశ్రయం వెలుపలే ఎక్కువ. విదేశీయునికి బస కల్పించిన హోటలు, సత్రం లేక ఇంటి యజమాని 24 గంటలలోపు వివరాలు తెలుపవలెను. ప్రాంతీయ విదేశీయుల నమోదు కార్యాలయం లేని జిల్లాలలో జిల్లా పోలీసు సూపరింటెండెంటు విదేశీయుల నమోదు అధికారిగా వ్యవహరిస్తాడు. గడువు దాటినవారు దేశం విడిచి వెళ్ళాలంటే ముందుగా నిష్క్రమణ అనుమతి పొందవలెను. దీనికి ఇ-ఎఫ్ఆర్ఆర్ఓ అనే వెబ్ సేవ ద్వారా దరఖాస్తు చేస్తారు. జరిమానా కూడా చెల్లించవలసి ఉంటుంది.

తెలుగు కుటుంబాలలో ఈ సమస్య ఎక్కువగా అమెరికాలో పుట్టిన పిల్లల విషయంలో తలెత్తుతుంది. అటువంటి పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది కనుక భారతదేశంలో వారు విదేశీయులే. వీసాపై వచ్చి అమ్మమ్మ ఇంట్లోనో తాతయ్య ఇంట్లోనో ఉండి గడువు దాటిన పిల్లలు తిరుపతి నుండి హైదరాబాదుకు ఏ ఆటంకమూ లేకుండా విమానంలో వెళ్ళవచ్చును. కాని హైదరాబాదులో అంతర్జాతీయ విమానం ఎక్కేటప్పుడు వలస అధికారి ఆపుతాడు. దేశీయ ప్రయాణం సాఫీగా జరిగినందున పత్రాలు సరిగా ఉన్నాయని భావించిన కుటుంబం ఆ రోజు టికెట్లు నష్టపోవలసి వస్తుంది. భారత విదేశీ పౌరసత్వ కార్డు (ఓసీఐ) ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు. అది జీవితాంతం చెల్లే వీసాగా పనిచేస్తుంది. ఈ పథకం క్రింద తొలి కార్డులను 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సందర్భంగా అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అందజేసినాడు.

2020లో కోవిడ్ కారణంగా మార్చి 25 నుండి దేశీయ విమానాలు నిలిపివేయబడి, తిరిగి మే 25న ప్రారంభమైనవి. ఆ కాలంలో దేశంలో చిక్కుకుపోయిన విదేశీయుల వీసాల గడువును కేంద్ర హోం మంత్రిత్వ శాఖ రుసుము లేకుండా పొడిగించినది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో

అమెరికాలో విమానాశ్రయ భద్రతను 2001లో ఏర్పడిన రవాణా భద్రతా సంస్థ (టీఎస్ఏ) చూస్తుంది. రియల్ ఐడీ చట్టాన్ని 2005లో చేసినా, విమానాశ్రయాలలో దాని అమలు పలుమార్లు వాయిదా పడి 2025 మే 7న మొదలైనది. ఆ తేదీ నుండి రాష్ట్రాలు ఇచ్చే సాధారణ డ్రైవింగ్ లైసెన్సు విమానయానానికి చెల్లదు, రియల్ ఐడీ ప్రమాణాలకు తగిన లైసెన్సు కావలెను. విదేశీ ప్రభుత్వం ఇచ్చిన పాస్‌పోర్టు మాత్రం గుర్తింపు పత్రంగా చెల్లుతుంది. అందులోని వీసా ముద్ర గడువు తీరినా పాస్‌పోర్టు గుర్తింపుకు పనికివస్తుంది. వలస శాఖ ఇచ్చే ఉద్యోగ అనుమతి కార్డు కూడా చెల్లుతుంది.

తాత్కాలిక హోదాలో ఉన్న విదేశీయులకు రాష్ట్రాలు ఇచ్చే రియల్ ఐడీ లైసెన్సు గడువు వారి నివాస అనుమతి గడువుతో ముడిపడి ఉంటుంది. హెచ్-1బీ ఉద్యోగి పొడిగింపు దరఖాస్తు సకాలంలో పెట్టి ఉంటే, ఐ-94 గడువు తీరిన తరువాత కూడా అదే యజమాని వద్ద 240 రోజుల వరకు పనిచేయవచ్చును. కాని ఈలోగా లైసెన్సు గడువు ముగిసిపోవచ్చు. ఇటువంటివారు హోదా కోల్పోయినవారు కారు. పాస్‌పోర్టుతో పాటు దరఖాస్తు అందినట్లు తెలిపే రసీదును వెంట ఉంచుకుంటారు. 18 సంవత్సరాలు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవలెనని అమెరికా వలస చట్టం చెబుతున్నది.

వలస పరిశీలన ఎదురయ్యే ప్రదేశాలు

దేశీయ ప్రయాణమైనా కొన్ని సందర్భాలలో వలస అధికారులు ఎదురవుతారు.

* మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న దక్షిణ టెక్సాస్ విమానాశ్రయాలలో సరిహద్దు గస్తీ దళం ప్రయాణికుల హోదాను అడగవచ్చును.
* యు.ఎస్. వర్జిన్ దీవులు, గువాం నుండి ప్రధాన భూభాగానికి వచ్చేవారిని కస్టమ్స్, సరిహద్దు రక్షణ అధికారులు తనిఖీ చేస్తారు.
* రెండు అమెరికా నగరాల మధ్య ప్రయాణమైనా టొరంటో వంటి విదేశీ నగరం మీదుగా వెళ్తే అది దేశీయ ప్రయాణం కాదు. తిరిగి అమెరికాలో ప్రవేశించడానికి వీసా అవసరం కావచ్చు.

ప్రయాణికుల జాబితా

టికెట్టు కొనేటప్పుడు ఇచ్చే పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలు సెక్యూర్ ఫ్లైట్ అనే కార్యక్రమం ద్వారా ముందుగానే టీఎస్ఏకు చేరుతాయి. చాలాకాలం ఈ వివరాలను ప్రధానంగా భద్రతా అవసరాలకే వాడేవారు. 2025లో టీఎస్ఏ ప్రయాణికుల పేర్లను వలస, కస్టమ్స్ అమలు సంస్థ (ఐస్)కు ఇస్తున్నదని, బహిష్కరణ ఉత్తర్వులు ఉన్నవారిని విమానాశ్రయాలలోనే అదుపులోకి తీసుకుంటున్నారని ఆ సంవత్సరం డిసెంబరులో అమెరికా పత్రికలు వెల్లడించినవి. 2025 నవంబరులో సెలవులకు టెక్సాస్‌లోని ఇంటికి బయలుదేరిన ఒక కళాశాల విద్యార్థినిని బోస్టన్ విమానాశ్రయంలో అదుపులోకి తీసుకొని, రెండు రోజులలో ఆమె పుట్టిన దేశమైన హోండురస్‌కు పంపివేయడం వివాదాస్పదమైనది. చిన్ననాడే అమెరికా వచ్చిన ఆమెపై పాత బహిష్కరణ ఉత్తర్వు ఉన్నది. కనుక దేశీయ విమానంలో హోదా అడగరన్న పాత నమ్మకం అమెరికా విషయంలో పూర్తిగా నిలబడదు.

గడువు దాటిన నివాసం ఫలితాలు

విమానం ఎక్కగలగడం కంటె అక్రమ నివాస కాలం లెక్క ముఖ్యమైనది. 1996 నాటి వలస సంస్కరణ చట్టం ప్రకారం 180 రోజులకు మించి అక్రమంగా ఉండి దేశం విడిచినవారు 3 సంవత్సరాలు, ఒక సంవత్సరం లేక అంతకు మించి ఉన్నవారు 10 సంవత్సరాలు తిరిగి ప్రవేశించడానికి అనర్హులు. తేదీ నిర్ణయించకుండా హోదా ఉన్నంతకాలం ఉండవచ్చునని ప్రవేశం పొందిన విద్యార్థులకు ఈ లెక్క వలస శాఖ లేక వలస న్యాయమూర్తి నిర్ణయం వెలువడిన తరువాతనే మొదలవుతుంది. విద్యార్థులకు కూడా నిర్ణీత గడువు పెట్టాలని అమెరికా ప్రభుత్వం 2025 ఆగస్టులో ఒక ప్రతిపాదన ప్రకటించినది.

తెలుగు విద్యార్థులకు సంబంధించిన ఘటనలు

ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం (2011): కాలిఫోర్నియాలోని ప్లెసంటన్‌లో ఉన్న ఈ సంస్థపై 2011 జనవరిలో అధికారులు దాడి చేసినారు. నమోదైన సుమారు 1,500 మంది విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందినవారు. సంస్థ మూతబడినందున వారంతా ఒక్కరోజులో హోదా లేనివారైనారు. కొందరి కాళ్ళకు కదలికలను కనిపెట్టే రేడియో పట్టీలు తొడగడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపినది. పట్టీ ఉన్నవారికి నగరం దాటి ప్రయాణించడమే సమస్య అయినది. సంస్థ స్థాపకురాలికి 2014లో 16 సంవత్సరాలకు పైగా జైలుశిక్ష పడినది.

ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం (2019): మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ పేరుతో ఉన్న సంస్థ నిజానికి అమెరికా వలస అధికారులే రహస్యంగా నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం. 2019 జనవరి చివరలో విద్యార్థులను చేర్పించిన 8 మంది దళారులను అరెస్టు చేసినారు. వారంతా తరువాత నేరం అంగీకరించినారు. తొలి విడతలో పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారు అధికం. భారత రాయబార కార్యాలయం 24 గంటల సహాయకేంద్రాన్ని తెరిచినది.

సెవిస్ రద్దులు (2025): 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం 4,700 మందికి పైగా విదేశీ విద్యార్థుల నమోదులను సెవిస్ అనే జాబితా నుండి రద్దు చేసినది. వీరిలో భారతీయులు గణనీయంగా ఉన్నారు. కోర్టులలో అనేక వ్యాజ్యాలు పడిన తరువాత ఏప్రిల్ చివరలో నమోదులను పునరుద్ధరిస్తున్నట్లు ప్రభుత్వం తెలిపినది. ఆ కొన్ని వారాలపాటు వీరి హోదా ఉన్నదో లేదో తేలని స్థితి.

గల్ఫ్ దేశాల నుండి తిరుగు ప్రయాణం

కువైట్, ఖతార్, బహ్రెయిన్ చిన్న దేశాలు కనుక అక్కడ దేశీయ విమానయానం లేదు. సౌదీ అరేబియాలో రియాద్, జెడ్డా, దమ్మాం వంటి నగరాల మధ్య దేశీయ విమానాలు ఎక్కువ. అక్కడ నివసించే విదేశీయునికి ఇఖామాయే గుర్తింపు పత్రం. ఇఖామాను సకాలంలో పునరుద్ధరించవలసిన బాధ్యత యజమాని అయిన కఫీల్‌ది. అతడు పునరుద్ధరించకపోతే, లేక కార్మికుడు పారిపోయినాడని హురూబ్ నమోదు చేయిస్తే, కార్మికుని తప్పు లేకున్నా అతని పత్రం చెల్లకుండా పోతుంది.

పడమటి మండలాల నుండి, పొరుగున ఉన్న రాయచోటి, కడప ప్రాంతాల నుండి కువైట్‌కు వలస ఎక్కువ. స్త్రీలు ఖద్దామాలుగా, అనగా ఇంటిపనివారుగా, 20వ నంబరు వీసాపై వెళ్తారు. ప్రైవేటు సంస్థలలో పనికి 18వ నంబరు వీసా ఇస్తారు. 20వ నంబరు వీసాపై ఉన్నవారు యజమాని ఇల్లు విడిచి బయట పనిచేస్తే హోదా కోల్పోతారు. పాస్‌పోర్టు చాలాసార్లు యజమాని వద్దనే ఉండిపోతుంది. ఈ దేశాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటించి, శిక్ష లేకుండా స్వదేశానికి వెళ్ళే అవకాశం ఇస్తున్నవి.

* సౌదీ అరేబియా: 2013లో నితాఖత్ విధానం సందర్భంగా జులై 3 వరకు, తరువాత నవంబరు 3 వరకు, మరల 2017లో
* కువైట్: 2018 జనవరి 29 నుండి ఏప్రిల్ 22 వరకు, 2020 ఏప్రిల్‌లో, 2024 మార్చి 17 నుండి జూన్ 30 వరకు
* యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్: 2018లో, 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు

అత్యవసర ధ్రువపత్రం

పాస్‌పోర్టు లేనివారికి భారత రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. వలసకారులు దీనిని, ఆయా దేశాలు ఇచ్చే నిష్క్రమణ అనుమతిని కూడా వ్యవహారంలో ఔట్‌పాస్ అంటారు. ధ్రువపత్రం భారతదేశానికి రావడానికి ఒకేఒక్క ప్రయాణానికి చెల్లుతుంది. ఆర్థిక స్తోమత లేనివారికి 2009లో ఏర్పాటైన భారతీయ సామాజిక సంక్షేమ నిధి నుండి టికెట్టు సహాయం పొందే అవకాశం కలదు. విదేశాంగ శాఖకు ఫిర్యాదు చేయడానికి మదద్ అనే వెబ్ సేవ 2015 నుండి ఉన్నది.

తిరిగి వచ్చేవారికి దేశీయ విమానం సమస్య భారతదేశంలో దిగిన తరువాత మొదలవుతుంది. ముంబై లేక ఢిల్లీలో దిగినవారికి వలస, కస్టమ్స్ తనిఖీలు అక్కడే పూర్తవుతాయి. ఇమ్మిగ్రేషన్ అధికారులు అత్యవసర ధ్రువపత్రాన్ని అక్కడ తీసుకొనే పద్ధతి కలదు. ఆ తరువాత తిరుపతికో బెంగళూరుకో వెళ్ళే దేశీయ విమానం ఎక్కాలంటే మరల ఫోటో గుర్తింపు పత్రం చూపవలెను. స్వదేశంలో అడుగుపెట్టిన ఆ మనిషి ఇప్పుడు ఏ దృష్టిలోనూ అక్రమ నివాసి కాదు, కాని చేతిలో తానెవరో తెలిపే కాగితం ఉండదు. ఆధార్ సంఖ్యల జారీ 2010 సెప్టెంబరులో మొదలైనందున, అంతకు ముందే వెళ్ళి తిరిగి రానివారికి ఆధార్ కూడా ఉండదు.

ఈ కారణంగా బయలుదేరే ముందే ఇంటినుండి ఓటరు కార్డు వంటి అసలు పత్రాన్ని తెప్పించుకోవడం, ఆధార్ ఉన్నవారు ఎం-ఆధార్ లేక డిజిలాకర్ ఫోనులో సిద్ధం చేసుకోవడం, లేక మధ్యలో దేశీయ విమానం లేకుండా నేరుగా చెన్నైకో బెంగళూరుకో టికెట్టు తీసుకోవడం ఉపయోగకరం. ధ్రువపత్రం నకలును దాచుకోవడం కూడా అవసరమే. తరువాత కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసినప్పుడు గతంలో అత్యవసర ధ్రువపత్రంపై వచ్చినారా, దాని సంఖ్య, తేదీ, కారణం ఏమిటి అన్న వివరాలు అడుగుతారు.

బహిష్కరణకు గురైనవారికి కూడా ఇదే వర్తిస్తుంది. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానంలో 104 మంది భారతీయులను అమృతసర్‌కు తెచ్చినప్పుడు, వారిలో గుజరాత్‌కు చెందినవారు మరునాడు సాధారణ దేశీయ విమానంలోనే అహ్మదాబాదు చేరినారు. విదేశంలో పోయిన హోదా స్వదేశంలోని దేశీయ ప్రయాణానికి అడ్డు కాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుండి రాకపోకలు

ఈ మూడు పట్టణాలలో దేనికీ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. మదనపల్లె, పుంగనూరు ప్రజలు ఎక్కువగా బస్సులో బెంగళూరుకు వెళ్ళి, 2008 మే నెలలో దేవనహళ్ళి వద్ద ప్రారంభమైన కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి ప్రయాణిస్తారు. మదనపల్లె నుండి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పం చెన్నై - బెంగళూరు రైలుమార్గంపై ఉన్నందున అక్కడివారికి రెండు నగరాలూ అందుబాటులో ఉన్నవి. దేశీయ విమానాలకు రేణిగుంట వద్ద ఉన్న తిరుపతి విమానాశ్రయం మరొక మార్గం. బెంగళూరు లేక చెన్నైలో అంతర్జాతీయ విమానం దిగినవారికి ఇంటివరకు మిగిలేది బస్సు లేక రైలు ప్రయాణమే. పాస్‌పోర్టు లేకుండా వచ్చేవారికి ఇది అనుకూలం.

వాడుకలోని అపోహలు

* వీసా ముద్ర గడువు తీరితే దేశీయ విమానం ఎక్కనివ్వరు అన్నది సరికాదు. పాస్‌పోర్టు గడువు, నివాస అనుమతి గడువు వేరు.
* దేశీయ విమానం ఎక్కనిచ్చినారు కనుక హోదా సక్రమమే అన్నదీ సరికాదు. భద్రతా సిబ్బంది చూసేది గుర్తింపును మాత్రమే.
* వీసా గడువు తీరినవారందరూ ఒకటే అన్నది పొరపాటు. సకాలంలో దరఖాస్తు పెట్టి నిర్ణయం కోసం ఎదురుచూసేవారు, గడువు దాటి ఉండిపోయినవారు, బహిష్కరణ ఉత్తర్వు ఉన్నవారు చట్టం దృష్టిలో వేర్వేరు.
* క్షమాభిక్ష కాలంలో దళారికి డబ్బు చెల్లించకపోతే ఔట్‌పాస్ రాదన్నది నిజం కాదు. దానికి నేరుగా రాయబార కార్యాలయంలోనే దరఖాస్తు చేయవచ్చును.

ఇవి కూడా చూడండి

* పాస్‌పోర్టు
* వీసా
* భారత విదేశీ పౌరసత్వం
* కువైట్
* తిరుపతి విమానాశ్రయం
* మదనపల్లె
* పుంగనూరు
* కుప్పం